మంచె మీద రెస్టు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, ఫిజియోథెరపీ పట్టా చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు, ఖమ్మంలో ఒక ఎముకల దవాఖానాలో కొలువు, ఒంటి మీద మడత నలగని తెల్లకోటు. ఇప్పుడు ఎవరైనా వచ్చి భుజం నొప్పి అంటే పది ప్రశ్నలు అడిగి, పదకొండోది అడగనా వద్దా అని తటపటాయిస్తాను. అప్పుడలా కాదు. మనిషి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగానే నాకు జబ్బు తెలిసిపోయేది. వచ్చి కూర్చున్నాక చెప్పే వైద్యమూ ముందే సిద్ధంగా ఉండేది. మిషను పెట్టేదాన్ని, ఐసు పెట్టేదాన్ని, నాలుగు ఎక్సర్‌సైజులు చూపించేదాన్ని, చివర్లో కాగితం మీద పెద్ద అక్షరాలతో రెస్టు అని రాసి దాని కింద రెండు గీతలు కొట్టేదాన్ని. మెడకు రెస్టు, నడుముకు రెస్టు, మోకాలికి రెస్టు. దవాఖానాలో నాకు ‘రెస్టు మేడం’ అని పేరు పెట్టింది కాంపౌండరో ఆయమ్మో ఇప్పటికీ తేలలేదు గానీ, ఆ పేరు నాకు గౌరవంగానే అనిపించేది.

మా ఇల్లు ఖానాపురం హవేలిలో. నాన్నది ఆఫీసు ఉద్యోగం. మా ఇంట్లో ఎవరికైనా ఒంట్లో నలతగా ఉంటే మంచం మీద దిండు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టేవాళ్లు. అమ్మ గంటకోసారి ఏదో ఒకటి గ్లాసులో పోసి తెచ్చి, తాగేదాకా అక్కడే నిలబడేది. టీవీ సౌండు తగ్గేది. తమ్ముడు కూడా కాస్త మెల్లగా నడిచేవాడు. కాబట్టి ఇల్లు అంటే మనిషి ఏ పనీ చెయ్యకుండా పడుకునే చోటు అని నాకు గట్టి నమ్మకం. (అదే ఇంట్లో అమ్మ పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒక్క క్షణం కూర్చునేది కాదన్న సంగతి నా కళ్ల ముందే జరుగుతున్నా నాకు తట్టలేదు. చదువుకున్నదాన్ని కదా.) ఈ నమ్మకమే నన్ను నిలువునా ముంచింది. నాతోపాటు ఒక పిల్లను కూడా ముంచబోయింది.

మా పెద్దసారు, అంటే దవాఖానా నడిపే ఎముకల డాక్టరు, భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల ఆటల హాస్టల్‌కు నన్ను అప్పుడప్పుడూ పంపేవారు. చీకటితోనే బస్సెక్కితే జూలూరుపాడు దాటేదాకా నిద్ర, ఆ తర్వాత రోడ్డుకు రెండు పక్కలా అడవి, మధ్యాహ్నానికి హాస్టల్. అక్కడి పిల్లలంతా చుట్టుపక్కల అడవి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. పరుగులో, దూకడంలో, విసరడంలో చూడాలి వాళ్లను. కాళ్లకు చెప్పులుండవు, మోకాళ్ల నిండా దెబ్బలు, నొప్పి ఎక్కడ అంటే మాత్రం నవ్వి ఊరుకుంటారు. వాళ్ల ఆటల మాస్టారును అందరూ పీఈటీ సారు అనేవాళ్లు. నోట్లో విజిలు లేకుండా ఆయన్ని నేను చూసింది రెండు మూడుసార్లే. నవంబరు ఆఖరులో వెళ్లినప్పుడు ఆయన ఒక పిల్లను నా ముందు నిలబెట్టాడు. తొమ్మిదో తరగతి. సన్నగా, చువ్వలాగా ఉంది. హాస్టల్లో అందరూ ఆ పిల్లను ‘రాకెట్టు’ అని పిలుస్తారట. జావెలిన్, అంటే బల్లెం విసరడం ఆ పిల్ల ఆట.

“మేడం, ఈ పిల్ల ఇసిరితే బల్లెం ఏడ పడ్డదో ఎతుక్కోవాలె,” అన్నాడు పీఈటీ సారు. “గని రెండు నెలల సంది ఇసిరినప్పుడల్లా భుజం పట్టుకుంటాంది. ఫిబ్రవరి మొదట్ల ఖమ్మంల ఎంపికలున్నయి. అందుల మొదటి ముగ్గుర్ల రావాలె. రాకపోతే ఆటల సీటు తీసేస్తరు. సీటు పోతే హాస్టల్ పోయినట్టే. హాస్టల్ పోతే ఇంక ఈ పిల్లకు చదువేడిది మేడం? మీరే ఏదన్న చెయ్యాలె.”

ఆ పిల్ల ఇదంతా తనకు సంబంధం లేనట్టు కిటికీలోంచి బయటికి చూస్తోంది. కానీ సీటు అన్న మాట వచ్చినప్పుడల్లా కుడి భుజం మీదికి ఎడమ చెయ్యి పోతోంది.

బల్ల మీద పడుకోబెట్టి పరీక్ష చేశాను. మోచెయ్యి మడిచి చేతిని వెనక్కి తిప్పితే ఎంతైనా తిరుగుతోంది. లోపలికి తిప్పితే మాత్రం సగంలోనే ఆగిపోతోంది. భుజం వెనకవైపు పట్టేసి బిగుసుకుపోయి ఉంది. వీపు మీది రెక్క ఎముక ఒక పక్క కొంచెం జారినట్టుంది. తల మీదుగా విసిరే ఆటగాళ్ల భుజం ఎలా పాడవుతుందో పుస్తకంలో బొమ్మ వేసి చూపించినట్టే ఉంది. జబ్బు సరిగ్గానే పట్టుకున్నాను. (ఇది ఇక్కడ రాసుకోకపోతే ఈ మొత్తం కథలో నేను సరిగ్గా చేసిన పని ఒక్కటీ మిగలదు.) నొప్పి ఉన్న వైపుకు తిరిగి పడుకుని చేతిని మెల్లగా కిందికి నొక్కే సాగదీత చూపించాను. సైకిల్ ట్యూబు ముక్క కిటికీ ఊచకు కట్టి మోచెయ్యి పక్కకు ఆనించి బయటికి లాగడం చూపించాను. ఆ తర్వాత నా అసలు మందు బయటికి తీశాను.

“మూడు వారాలు బల్లెం ముట్టుకోవద్దు. పూర్తి రెస్టు.”

“ఈడుంటే ఆగదు మేడం,” అన్నాడు పీఈటీ సారు. “అందరు ఇసురుతాంటే ఈమెకు చెయ్యి గుంజుతది.”

“అయితే ఇంటికి పంపండి సార్. ఇంటి దగ్గరైతే మంచిగ రెస్టు దొరుకుతది.”

అప్పుడు మొదటిసారి ఆ పిల్ల నా వైపు తిరిగింది. “ఇంటికా మేడం? నిజంగనా?” అంది. మొహం అంతా వెలిగిపోయింది. పాపం, ఎన్నాళ్లయిందో విశ్రాంతి లేక అనుకున్నాను నేను. కాగితం మీద ఆ రోజు గీతలు మూడు కొట్టాను.

మూడు వారాల తర్వాత వెళ్లాను. పిల్ల ఇంటి నుంచి వచ్చి నా కోసం వరండాలో కూర్చుని ఉంది. కాస్త నల్లబడింది, హుషారుగా ఉంది. చెయ్యి పైకెత్తమన్నాను. చెవి దాకా లేపి, పెదవి కొరుక్కుని ఆగిపోయింది. మునుపు నొప్పి విసిరినప్పుడే ఉండేది. ఇప్పుడు ఊరికే లేపితేనే ఉంది. నేను అదిరిపోయాను. పైకి మాత్రం గంభీరంగా ప్రశ్నలు మొదలుపెట్టాను.

“బల్లెం పట్టినవా?”

“లేదు మేడం.”

“నిజం చెప్పు. ఒక్కసారన్నా?”

“ఇంటికాడ బల్లెం ఏడుంటది మేడం?”

“బరువులు ఎత్తినవా? నీళ్లు మోసినవా?”

“నీళ్లు మా అవ్వ తెస్తది. నన్ను ముట్టనిస్తలేదు, నువ్వు రెస్టు అన్నవని.”

“మరి నేను చెప్పిన ఎక్సర్‌సైజులు?”

“అవ్ మేడం. పొద్దుగాల, మాపటికి, రెండుపూటల చేసిన. ట్యూబు మా ఇంటి గుంజకు కట్టుకున్న.”

కళ్లలోకి చూశాను. అబద్ధం చెబుతున్నట్టు లేదు. అన్నీ అడిగాను గానీ, మరి రోజంతా ఏం చేస్తున్నవని మాత్రం అడగలేదు. అది నాకు ముందే తెలుసు కదా. దిండు ఎత్తుగా పెట్టుకుని పడుకుని ఉంటుంది. ఇంత రెస్టు తీసుకున్నా తగ్గలేదంటే ఇదేదో పెద్ద జబ్బే అయి ఉండాలి. ఖమ్మం వచ్చి లావుపాటి పుస్తకం ముందేసుకుని నాలుగు రోజులు తిరగేశాను. లక్షలో ఒకరికి వచ్చే జబ్బులన్నీ ఆ పిల్ల భుజంలో ఉన్నట్టే కనిపించాయి. పెద్దసారు దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటీ పేర్లతో సహా అప్పజెప్పాను. పీఈటీ సారు భద్రాచలంలో తీయించి ఇచ్చిన ఎక్స్‌రేను ఆయన చూసి, ఎముకకేం కాలేదని పక్కన పెట్టి, “ఆ పిల్ల ఇల్లు చూసినవా అమ్మా?” అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. భుజం గురించి అడిగితే ఇల్లేమిటి? ఈయనకు వయసు మీద పడుతోందని నిర్ణయించేసుకుని, హాస్టల్‌కు ఫోన్ చేసి చెప్పాను: ఇంకో రెండు వారాలు ఇంటి దగ్గరే, ఈసారి ఇంకా గట్టిగా రెస్టు. (రెస్టు గట్టిగా తీసుకోవడం ఎలాగో నన్నెవరూ అడగలేదు.)

రెండు వారాలు గడవక ముందే పీఈటీ సారు దవాఖానా ఫోనుకు చేశాడు. “మేడం, నేను నిన్న మిట్టమధ్యాహ్నం వాళ్ల ఇంటికాడికి పోయి చూసిన. చెయ్యి తలకాడికి లేస్తలేదు. జడ గుడ వాళ్ల అవ్వనే ఏస్తాంది. ఇంక నెలే ఉన్నది. పోయిన ఏడు గిట్లనే ఒక పిల్ల కాలు బాగుగాక సీటు పోగొట్టుకొని పోయింది. ఇప్పుడు మిరపతోటల కూలికి పోతాంది. ఈ పిల్ల గుడ గట్లనే అయితదని భయమైతాంది.” ఫోన్ పెట్టేశాను. ఏ మిషనూ, ఏ పుస్తకమూ గుర్తు రాలేదు. పెద్దసారు అన్న మాట ఒక్కటే గుర్తొచ్చింది. మరునాడే బస్సెక్కాను, తెల్లకోటు బ్యాగులో పెట్టుకుని.

హాస్టల్ నుంచి పీఈటీ సారు బండి మీద వాగు దాకా, అక్కడి నుంచి నడక. వాగు దాటాక నేను కోటు తొడుక్కున్నాను. (ఎందుకని అడక్కండి. డాక్టరమ్మ వస్తోందని ఊరికి తెలియాలి కదా.) మధ్యాహ్నం మూడు దాటింది. ఊరు ఇంకా కనపడలేదు, జొన్నచేలు మొదలయ్యాయి. ముందు వేసిన చేలలో కంకులు ముదిరి బరువుగా వంగి ఉన్నాయి, వెనక వేసినవాటిలో ఇప్పుడే పాలు పోసుకుంటున్నాయి. అంతలో తల మీద నుంచి ఏదో బుయ్యిమని దూసుకుపోయింది. వెనకే పెద్ద కేక. చేలోంచి చిలకల గుంపు ఒక్కసారిగా లేచింది. పీఈటీ సారు నన్ను పట్టుకుని కిందికి వంచాడు. తలెత్తి చూస్తే చేను నడుమ నాలుగు గుంజల మీద మంచె, మంచె మీద నా పేషంటు. చేతిలో వడిసెల. తాడు మధ్యలో మట్టి ఉండ పెట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి, ఒక కొస వదిలేసి, ఉండ ఎటు పోయిందో చూసుకుని, ఎడమ చేత్తో కుడి భుజం ఒకసారి పిసుక్కుని, ఇంకో ఉండ తీసుకుంటోంది. తల దాకా చెయ్యి లేవడం లేదు కదా, అందుకని ఒంటిని ఒక పక్కకు వంచి మరీ తిప్పుతోంది. కాళ్ల దగ్గర ఎండబెట్టిన మట్టి ఉండలు తట్ట నిండా ఉన్నాయి.

నన్ను చూసి, “అవ్వా! మేడం వచ్చింది!” అని సంబరంగా అరిచింది.

నేను అంత సంబరంగా లేను. మంచె కింద నిలబడి అరిచినంత పని చేశాను. “ఏంది ఇది? నేను ఏమన్న? రెస్టు అన్నా లేదా?”

“అన్నవ్ మేడం. రెస్టే తీసుకుంటాన.”

“ఇది రెస్టా?”

“రెస్టే గద మేడం,” అంది ఆ పిల్ల, నిజంగానే అర్థం కాక. “హాస్టల్‌ల అయితే కోడి కూతకే లేవాలె, ఉరకాలె, బట్టలు ఉతుక్కోవాలె, చదవాలె. ఈడ మంచె మీద కూసునుడే. పొద్దుగాల ఎండెక్కేదాక, మళ్ల ఇప్పటి సంది పొద్దు గూకేదాక. నువ్వు బల్లెం పట్టొద్దన్నవ్. పట్టలే.”

ఒక్క గంట అక్కడ కూర్చుని ఎన్నిసార్లు విసురుతుందో లెక్కపెడదామనుకుని, కాసేపటికే ఇక వద్దని ఊరుకున్నాను. హాస్టల్లో వారమంతా బల్లెం విసిరినా అన్నిసార్లు కాదు. ఐదు వారాల పాటు, రోజుకు రెండు పూటలా, ఆ నొప్పి భుజంతో తల మీదుగా విసరమని చెప్పి, దాని కింద గీతలు కొట్టి మరీ పంపింది నేనే. ఆ పిల్ల తప్పు ఇసుమంత కూడా లేదు. చెప్పిందల్లా చేసింది. అడిగినదానికల్లా నిజం చెప్పింది. నాకు ఎంత సిగ్గేసిందంటే, ఆ కోటు విప్పి ఎక్కడ పెట్టాలా అని చూశాను.

అప్పటికైనా ఊరుకుంటే పోయేది. కానీ ఆ కేకకు గట్టు మీదికి వచ్చిన ముసలి అవ్వ, పీఈటీ సారు, పక్క చేలో ఇద్దరు ఆడవాళ్లు నా వైపే చూస్తున్నారు. చదువుకున్నదాన్ని, ఏదో ఒకటి చెప్పాలి. భుజం మీద భారం ఎక్కడ పడుతోందో శాస్త్రీయంగా చూపిస్తానని మంచె ఎక్కాను. వడిసెల తీసుకున్నాను. ఉండ పెట్టాను. మంచె ఊగుతోంది, కాళ్లు కదిపితే పడతానని భయం, అందుకని కాళ్లు బిగబట్టి నిలబడి, బలమంతా చేతిలోకి తెచ్చుకుని గిర్రున తిప్పి వదిలాను. ఉండ చిలకల వైపు పోలేదు. వెనక్కి, పీఈటీ సారు చెవి పక్కనుంచి పోయింది. ఆయన విజిల్ నోట్లో ఉందేమో, కీచుమని మోగింది. నా భుజంలో ఏదో కటుక్కుమంది. కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. చేలో ఉన్న పిట్టల్లో ఒక్కటీ లేవలేదు.

అవ్వ పడీ పడీ నవ్వింది. మనవరాలితో వాళ్ల భాషలో ఏదో అంది. ఆ పిల్ల కూడా నోరు మూసుకుని నవ్వింది. నేను మంచె దిగాక అవ్వ నా భుజం పట్టుకుని, బొటనవేలితో సరిగ్గా నొప్పి ఉన్న చోట నొక్కి (అంత సరిగ్గా నేను ఏ పేషంటుకూ నొక్కలేదు) తెలుగులో అంది. “చెయ్యితోని ఇసిరినవ్ బిడ్డా. గట్ల ఇసిరితే చెయ్యి గుంజదా?”

“మరి దేంతోని ఇసరాలె అవ్వా?”

అవ్వ వడిసెల తీసుకుంది, కానీ మంచె ఎక్కలేదు. గట్టు మీద నిలబడింది. వయసెంతో ఆమెకూ తెలియదు. నడుము కొంచెం వంగింది గానీ అడుగు తేలిక. రెండుసార్లు తిప్పి, ఎడమ కాలు ముందుకేసి, నడుము తిప్పింది. చెయ్యి దాని వెంట తనంతట తానే వచ్చినట్టు వచ్చింది. ఉండ చేను ఆ చివర కంకి మీద పడి పిట్టలన్నీ లేచాయి.

“కాలుతోని, నడుముతోని ఇసరాలె,” అంది అవ్వ. “చెయ్యి ఊకె ఎంబడొస్తది. మంచె మీద కాలు ఏడ కదుల్తది? నేను మంచె ఎక్కి ఎన్నేండ్లాయెనో. ఈ పిల్లకు గట్టు మీదికెల్లి పిట్టలు కానరావు, పొట్టిది గద, చిన్నప్పటి సంది మంచె మీదనే.”

కాళ్ల నుంచి నడుముకు, నడుము నుంచి భుజానికి, భుజం నుంచి చేతికి బలం ఒకదాని వెంట ఒకటి రావాలని, మధ్యలో ఎక్కడ తెగినా ఆ భారం భుజమే మొయ్యాలని మా పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. పరీక్షలో దాని మీద ప్రశ్న వస్తే నాలుగు పేజీలు రాసి, బొమ్మ కూడా వేశాను. పీఈటీ సారు వైపు చూశాను. ఆయనా నా వైపే చూస్తున్నాడు. “మేడం,” అన్నాడు మెల్లగా, “ఈ పిల్ల బల్లెం తోని గుడ గట్లనే. ఉరికి వస్తది, గీత కాడ కాళ్లు పాతుకొని ఆగుతది, ఒట్టి చెయ్యితోని ఇసురుతది. ఎన్నిసార్లు చెప్పినా మారలే. మంచె అని నాకేం ఎరుక?” ఏడేళ్ల వయసు నుంచి ఊగే మంచె మీద కాళ్లు కదపకుండా విసిరిన పిల్ల అది. మైదానంలో కూడా మంచె మీదే నిలబడి విసురుతోంది.

ఏం చెయ్యాలో ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది. చెప్పడమే కష్టమైంది. ఎంపికలు అయ్యేదాకా ఈ పిల్ల వడిసెల ముట్టకూడదు, రేపే హాస్టల్‌కు తీసుకుపోవాలి. మరి చేను? వెనక వేసిన కంకి గట్టిపడాలంటే ఇంకా నెల కావాలి. అవ్వ ఒక్కతే చేను నాలుగు మూలలా తిరగలేదు. ఆ జొన్నలే వాళ్ల ఏడాది తిండి. ఈ లెక్కంతా నా కోటు జేబులో ఉన్న కాగితంలో ఎక్కడా లేదు. నీళ్లు నములుతూ చెప్పాను. అవ్వ చేను వైపు ఒకసారి, మనవరాలి భుజం వైపు ఒకసారి చూసింది.

“తీస్కపో బిడ్డా. పిట్టలు తిన్నకాడికి తింటయి. జొన్నలు మళ్ల ఏడు పండుతయి. పిల్లకు చెయ్యి మళ్ల మొలుస్తదా?”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. భుజం నొప్పికేనని అందరూ అనుకున్నారు, నేనూ కాదనలేదు.

ఆ నెల రోజులూ వారానికొకసారి హాస్టల్‌కు వెళ్లాను. పెద్దసారును సెలవు అడిగితే ఆయన కారణం అడగలేదు. ఈసారి ఇల్లు చూశాననీ చెప్పాను. ఆయన తలూపి పేపర్ చదువుకున్నారు. మొదటి పది రోజులు విసరడం అసలు లేదు. భుజం వెనక పట్టేసిన కండరాన్ని సాగదీయడం, రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాలకు బలం తేవడం, ట్యూబు లాగడం. తర్వాత ఒంటికాలి మీద నిలబడి నడుము తిప్పడం. ఇది చూసి హాస్టల్ పిల్లలంతా వరుసగా ఒంటికాలి మీద నిలబడి ఒకరినొకరు తోసుకుని నవ్వుకునేవాళ్లు. నొప్పి బాగా తగ్గాక చిన్న బంతితో, నాలుగడుగుల దూరానికి, అవ్వ వేసినట్టు కాలు ముందుకేసి, నడుము తిప్పి విసరడం. రోజుకు కొంచెం దూరం, రోజుకు కొన్నిసార్లే. మర్నాడు నొప్పి ఉంటే ఒక మెట్టు వెనక్కి. పీఈటీ సారు ఆ పిల్ల గీత దగ్గర ఆగినప్పుడల్లా “మంచె దిగు! మంచె దిగు!” అని అరిచేవాడు. నాకూ అదే భుజం పట్టేసింది కాబట్టి నేనూ ఆమె పక్కనే ట్యూబు పట్టుకుని నిలబడేదాన్ని. ఆమె చెప్పినన్నిసార్లూ లాగేది. నేను ఐదుసార్లు లాగి, ఆమెకు సలహాలు ఇవ్వడానికి ఆగిపోయేదాన్ని. సాయంత్రాలు ఆ పిల్ల గోడ మీద కూర్చుని అడవి వైపు చూసేది. “ఇప్పుడు మా చేన్ల చిలకలు దిగుతయి మేడం,” అనేది. నా దగ్గర దానికి ఏ ఎక్సర్‌సైజూ లేదు.

ఎంపికల రోజు ఖమ్మం మైదానంలో నేను కూర్చోలేక నిలబడలేక తిరిగాను. ఒక్కొక్కరికి మూడు విసుర్లు. మొదటిది రాకెట్టు భయంభయంగా విసిరింది. బల్లెం ఎక్కడో దగ్గర్లోనే పడింది. రెండోది గీత దాటేసింది, చెల్లలేదు. పీఈటీ సారు మొహం నల్లబడింది. మూడోసారి ఆ పిల్ల బల్లెం పట్టుకుని చాలాసేపు నేల వైపు చూస్తూ నిలబడింది. తర్వాత ఉరికింది. గీత దగ్గర ఆగలేదు, కాలు పడింది, నడుము తిరిగింది, చెయ్యి వెంట వచ్చింది. బల్లెం అలా పోతూనే ఉంది. జనం చేతులెత్తి అరిచారు. నేను మాత్రం నా చెయ్యి లేవక నడుము దగ్గరే చప్పట్లు కొట్టాను. కొలిచి మూడో స్థానం అన్నారు. నాలుగో పిల్లకూ ఈమెకూ జానెడు తేడా. పీఈటీ సారు విజిల్ ఊదుతూనే ఏడ్చేశాడు. రాకెట్టు ఉరుక్కుంటూ నా దగ్గరికి వచ్చింది. మూడో స్థానం గురించి కాదు. “నొయ్యలే మేడం!” అంది. “ఇసిరిన గని నొయ్యలే!”

ఇంకో ఇరవై రోజులకు పీఈటీ సారుతో కలిసి మా దవాఖానాకు వచ్చింది, భుజం చూపించుకోవడానికి. చేతిలో గుడ్డ సంచీ.

“అవ్వ ఇమ్మన్నది మేడం. మన జొన్నలు. పిట్టలు తినంగ మిగిలినయ్.”

ఎంత పోయిందని అడిగాను. “తిన్నంత తిన్నయి,” అని నవ్వింది. ఎన్నిసార్లు అడిగినా అంతకు మించి చెప్పలేదు. వద్దనడానికి నోరు రాలేదు. తీసుకోవడానికీ చేతులు రాలేదు. గదిలో ఖాళీ జాగా బీరువా పైన ఒక్కటే ఉంటే అక్కడ పెడదామని సంచీ ఎత్తాను. సంచీ మెడ దాకా వచ్చేసరికి నా భుజం కలుక్కుమంది. “ఆగు మేడం,” అని ఆ పిల్ల నా చేతిలోంచి సంచీ లాక్కుని, మునివేళ్ల మీద లేచి, కుడిచేత్తో తల మీదికెత్తి, బీరువా పైన లోపలికి నెట్టింది. నేను ఆమె మొహం వంకే చూస్తున్నాను. కనుబొమ్మ కూడా ముడిపడలేదు. తను ఏం చేసిందో ఆ పిల్ల చూసుకోనే లేదు, చేతులు దులుపుకుని నా వైపు తిరిగింది.

“నీ భుజం ఇంక గట్లనే ఉన్నదేంది మేడం? ట్యూబు గుంజుతున్నవా లేదా?”

“గుంజుతున్నా,” అన్నాను. “రోజుకు మూడుసార్లు.”

ఆ పిల్ల నన్ను ఒక్క క్షణం చూసి, అవునన్నట్టు తలూపింది. నమ్మిందో లేదో గానీ ఊరుకుంది. నా భుజం మామూలు కావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఇన్నేళ్లలో రోజుకు మూడుసార్లన్న ఆ మాట, ఆ గొంతుతోనే, కొన్ని వందల మంది పేషంట్లు నాకు చెప్పారు. అప్పటి ఆ తెల్లకోటు పిల్ల మీద, అంటే నా మీదే, ఇప్పుడు నాకు కోపం లేదు. ఒకరోజు ఆమే భుజం పట్టుకుని నా దగ్గరికి వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇల్లెక్కడ, ఇంటి దగ్గర రోజంతా ఏం చేస్తావ్, ఎవరెవరుంటారు అని తీరిగ్గా అన్నీ అడుగుతాను. ట్యూబు రోజుకు మూడుసార్లు లాగుతున్నానంటుంది. నేనూ తలూపి ఊరుకుంటాను.